నలభై మాత్రలు

2024 మే నెలలో ఒకనాటి మధ్యాహ్నం. మా మనుమడికి పద్యంలోని ఒక మాటకు అర్థం చూపిద్దామని మేడమీద గదిలో పాత నిఘంటువు కోసం వెదుకుతున్నాను. అలమారు పై అరలో ఒక మిఠాయి డబ్బా చేతికి తగిలింది. మిఠాయి డబ్బాలో నిఘంటువు ఎట్లా ఉంటుంది, నా తొందర గాని! మూత తీస్తే నాలుగు మాత్రల షీట్లు కనబడ్డాయి. ఒక్కొక్కదానిలో పది మాత్రలు. ఒక్కటీ తీసి వాడినది కాదు. నేను లెక్కల మాస్టారిని కాను, ముప్పది మూడేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడిని. అయినా నలభై వరకు లెక్కపెట్టడం నాకు చిన్న పనే. ఆ రోజు మాత్రం మూడుసార్లు లెక్కపెట్టాను.

అవి మా అమ్మాయి రోజూ వేసుకోవలసిన మాత్రలు. పేరు టామోక్సిఫెన్.

2022లో, ముప్పది నాలుగో యేట, మా అమ్మాయికి రొమ్ము కాన్సరు అని తేలింది. మన పల్లెల్లో పూర్వం ఆ జబ్బును రాచపుండు అనేవారు, పండితులు అర్బుదం అన్నారు. ఏ పేరుతో పిలిచినా ఆ వయసులో, నాలుగేండ్ల పిల్లవాని తల్లికి రాదగినది కాదు. పాశ్చాత్య దేశాలకంటె మన దేశంలో ఇది సుమారు పదేండ్లు ముందుగా వస్తున్నదని వైద్యులు చెప్పగా విన్నాము. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషను, అన్నీ అయినవి. రాలిన జుట్టు మళ్ళీ వచ్చింది. బ్యాంకు ఉద్యోగంలో తిరిగి చేరింది. చూడవచ్చినవారు గండం గడిచిందన్నారు. మిగిలినది రోజుకొక చిన్న మాత్ర, ఇరవై ఎనిమిది రోజులకొకసారి పొట్ట చర్మం క్రింద ఒక ఇంజక్షను. ఏనుగు దాటింది, తోక మిగిలింది అనుకొన్నాము. ఆ తోక ఎంత బరువో ఆ డబ్బా చూచేవరకు నాకు తెలియలేదు.

సాయంత్రం అమ్మాయి బ్యాంకు నుండి రాగానే డబ్బా బల్లమీద పెట్టాను. ఇంటిపని చేయని పిల్లవాణ్ణి తరగతిలో నిలబెట్టినట్లే నిలబెట్టి, ప్రాణం విలువ గూర్చి, పిల్లవాని భవిష్యత్తు గూర్చి చెప్పవలసినవీ చెప్పకూడనివీ చాలా చెప్పాను. అంతా విని ఒక్క మాట అన్నది.

"మీరు ప్రాణం గురించి చెప్తున్నారు నాన్నా. నేను బతుకు గురించి చెప్తున్నాను."

ఆ తరువాత తాను చెప్పింది, నేను విన్నాను. రాత్రి నాలుగైదుసార్లు ఒళ్ళంతా భగ్గుమని మండి, దుప్పటి తడిసేటంత చెమట పోసి, మరునిమిషంలో చలి పుట్టడం. కౌంటరులో కూర్చుని ఉండగా ముఖం కందిపోతే, ఎదుటి ఖాతాదారు "జ్వరమా అమ్మా?" అని అడగడం. ఉదయం లేవగానే వేళ్ళు మడత పడకపోవడం, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి రావడం. ఏ కారణమూ లేక దుఃఖం రావడం. "ముప్పై ఆరేళ్ళకు అమ్మకంటే ముసలిదాన్నయ్యాను. ఇది ఐదేళ్ళు, అవసరమైతే పదేళ్ళు అంటున్నారు. ఒకరోజు మానేసి చూశాను. మర్నాడు ఏమీ కాలేదు. ఇంకోరోజు మానేశాను."

"డాక్టరుగారికి చెప్పావా?"

"మూడు నెలలకోసారి నాలుగు నిమిషాలు చూస్తారు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడుగుతారు. ఊఁ అంటాను. ప్రాణం నిలబెట్టిన మనిషి ముందు కూర్చుని, చెమట పడుతోందని ఎలా చెప్పను?"

మా ఆవిడకు ఇందులో సగం ముందే తెలుసునట. ఆడదానికి ఇవన్నీ ఎప్పటికైనా వచ్చేవేనని, నీకు కొంచెం ముందు వచ్చాయి ఓర్చుకోమని చెప్పిందట. ఆమెను తప్పు పట్టను. ఆమె తల్లి ఆమెకు అంతమాత్రమైనా చెప్పి ఉండదు.

నాకు అర్థం కాని పాఠం ఎదురైతే చదువుకోవడం ఒక్కటే తెలిసిన దారి. మరునాటి నుండి ఈ మందును గూర్చి చదివాను. నా బోటి బడిపంతులుకు బోధపడినంతవరకు చెప్తాను. హార్మోన్ అనే మాటను 1905లో స్టార్లింగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వాడుకలోకి తెచ్చాడు. గ్రీకు భాషలో ప్రేరేపించునది అని దానికి అర్థం. కొన్ని రొమ్ము కాన్సరు కణాలను ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను ప్రేరేపించి పెంచుతుంది. ఆ రహస్యం పూర్తిగా తెలియక ముందే, గ్లాస్గో నగరంలో బీట్సన్ అనే వైద్యుడు ముదిరిన వ్యాధితో వచ్చిన స్త్రీలకు అండాశయాలు తొలగించి, గడ్డలు కరగడం చూచి, 1896లో ప్రకటించాడు. ఆయన మొదటి రోగి వయసు ముప్పది మూడు. అంటే ఈ చికిత్స పుట్టిందే మా అమ్మాయి వంటి పడుచుపిల్లకు.

టామోక్సిఫెన్‌ను 1962లో ఇంగ్లండులో గర్భనిరోధానికి పనికివస్తుందేమోనని తయారు చేశారు. అందుకు పనికిరాలేదు, ఇందుకు పనికివచ్చింది. అది పనిచేసే తీరు వ్యాకరణం చదివినవారికి సులభంగా తెలుస్తుంది. ఆగమం మిత్రుని వలె వచ్చి పక్కన చేరుతుందని, ఆదేశం శత్రువు వలె వచ్చి, ఉన్నదానిని తొలగించి ఆ చోట తాను కూర్చుంటుందని మా గురువుగారు చెప్పేవారు. టామోక్సిఫెన్ ఆదేశం వంటిది. కాన్సరు కణంలో ఈస్ట్రోజన్ కూర్చోవలసిన పీటమీద ముందుగా తాను కూర్చుంటుంది. అయితే చోటును బట్టి దీని గుణం మారుతుంది. రొమ్ములో ఈస్ట్రోజనుకు శత్రువు, గర్భాశయపు పొరలో దానికి బంధువు. అందువలననే గర్భాశయ కాన్సరు భయం కొంత ఉన్నది. అది ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలకు. రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడ కొంచెం పెరుగుతుంది. ఇక ఇంజక్షను పని అండాశయాలను నిద్రపుచ్చడం. ప్రకృతి కొన్నేండ్లలో మెల్లగా చేసే పనిని అది కొన్ని వారాలలో చేస్తుంది. చిన్న వయసువారు బాధను అంత తీవ్రంగా ఎందుకు అనుభవిస్తారో అప్పుడు తెలిసింది. వారు మెట్లు దిగడం లేదు, మేడమీది నుండి దూకుతున్నారు.

ఇక రెండవ వైపు కూడ చెప్పాలి. ఈస్ట్రోజనుతో పెరిగే జాతి కాన్సరు ఉన్నవారు ఐదేండ్లు టామోక్సిఫెన్ వాడితే, పదిహేనేండ్ల కాలంలో ఆ వ్యాధితో మరణించే అపాయం సుమారు మూడవ వంతు తగ్గుతుందని అనేక పరిశోధనలను కలిపి చూచిన లెక్క చెప్తున్నది. కప్పు తేనీటికంటె చవకైన మాత్ర చేసే పని ఇది. కనుక నా భయం అబద్ధం కాదు. అమ్మాయి బాధ కూడ అబద్ధం కాదు. రెండు నిజాలు ఒకే ఇంటిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా నలభై రోజులు కాపురం చేశాయి.

మా ఇంట జరిగినది వింత కాదని కూడ తెలిసింది. ఫ్రాన్సులో ఇంకా బహిష్టులు ఆగని వయసులోని 1,177 మంది రోగినుల రక్తంలో, చికిత్స మొదలైన ఏడాదికి, ఈ మందు ఎంత ఉన్నదో కొలిచి 2020లో ప్రకటించారు. నూటికి పదహారుగురిలో ఉండవలసినంత లేదు. ఆ పదహారుగురిలో సగానికి పైగా, తాము సరిగానే వేసుకొంటున్నామని చెప్పినవారే. మందు తగినంత లేనివారిలో వ్యాధి దూరపు అవయవాలకు పాకడం ఎక్కువగా కనబడింది. దేశం వేరు, భాష వేరు. డాక్టరు ముందు "ఊఁ" అనడం మాత్రం ఒక్కటే.

సైడ్ ఎఫెక్ట్స్ అనే మాటను మన పత్రికలవారు దుష్ప్రభావాలు అంటారు. ఇంగ్లీషు మాట ప్రకారం అవి పక్కన ఉండేవి. వ్యాధిని చూచే వైద్యునికి అవి పక్కనే. వాటితో రోజూ నిద్ర లేచేవారికి నడిమధ్యనే.

డాక్టరుగారి దగ్గరకు మళ్ళీ వెళ్ళేముందు అన్నీ కాగితంమీద వ్రాసుకొమ్మన్నాను. తెలుగులోనే వ్రాస్తానన్నది. "ఇంగ్లీషులో రాస్తుంటే ఇంకెవరి జబ్బో రాస్తున్నట్టుంది నాన్నా" అన్నది. నేనూ పక్కన కూర్చున్నాను. హాట్ ఫ్లాషెస్‌ను ఏమనాలి? వేడి ఆవిర్లు అన్నాను. మా ఆవిడ వంటింట్లో నుండి "ఒళ్ళు భగ్గుమంటోందని రాయవే, అర్థమవుతుంది" అన్నది. అదే వ్రాసింది. మెనోపాజ్‌కు నేను రజోనివృత్తి అన్నాను, ఋతువిరతి అన్నాను. చివరికి ముట్లు ఆగడం అనే వ్రాసింది. నలభై రోజులు మాత్ర వేసుకోలేదన్న సంగతి ముందుగా వ్రాయమంటే, కలం ఆగి, కొంతసేపటికి కదిలింది. ఎనిమిది వరుసలయినవి. తొమ్మిదవది వ్రాసేటప్పుడు చేయి అడ్డుపెట్టి, కాగితం క్రింది అంచు లోపలికి మడిచింది. నేను చూడలేదు.

ఆ మడతలో ఏమున్నదో ఊహించలేనివాణ్ణి కాను. శృంగార కావ్యాలను పిల్లలకు ప్రతిపదార్థ తాత్పర్యాలతో బోధించినవాణ్ణి. నాయికా వర్ణన వస్తే గొంతు తడబడకుండా చదివినవాణ్ణి. కాని కన్నకూతురి ఒంటిలోని బాధకు నా దగ్గర ఒక్క మాట లేకపోయింది. ఉన్నవాటిలో సగం తిట్లు, సగం సంస్కృతం. అంత సాహిత్యం చదివి, ఇంటిలో పనికివచ్చే నాలుగు మాటలు కూర్చుకోలేదని ఆ రోజు సిగ్గుపడ్డాను.

డాక్టరుగారు కాగితం తీసుకొని చదివారు. మడత విప్పి అదీ చదివారు. కోపగించుకోలేదు. నన్ను కొంచెంసేపు బయట కూర్చోమన్నారు. నాలుగు నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఒక విషయం మాత్రం ఆమెను ఉలిక్కిపడేటట్లు చేసింది. దిగులుగా ఉన్నదని అమ్మాయి వేరొక వైద్యుని వద్ద చూపించుకొని, పరాక్సిటిన్ అనే మాత్ర వాడుతున్నది. టామోక్సిఫెన్ మన కాలేయంలో మార్పు చెంది, అసలు బలం గల రూపం తాల్చాలి. పరాక్సిటిన్ ఆ మార్పుకు అడ్డుపడుతుంది. వెంటనే ఆ వైద్యునితో మాట్లాడి, దానిని క్రమంగా తగ్గించి, అడ్డుపడని వేరొక మందుకు మార్పించారు. ఆ కొత్త మందు ఆవిర్లను కూడ కొంత తగ్గిస్తుందట. ఎముకల సాంద్రత పరీక్ష చేయించమన్నారు. కీళ్ళకు నడక, వ్యాయామం తప్పనిసరి అన్నారు. తొమ్మిదవ వరుసకు కూడ హార్మోను లేని పూతమందులు ఉన్నాయట. ఇవేవీ తెలియక మా అమ్మాయి మందు మానడమొక్కటే దారి అనుకొన్నది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఇంకొక మాట బయటపడింది. దానికి రెండవ బిడ్డ కావాలి. ఈ మాత్ర వాడుతున్నంత కాలం గర్భం రాకూడదు, బిడ్డకు ప్రమాదం. నలభై మాత్రల వెనుక ఈ కోరిక కూడ ఉన్నదని నేను ఎరుగను. అది కూడ అడిగిందట. పాజిటివ్ అనే పరిశోధన ఫలితాలు 2023లో వెలువడినవి. నలభై రెండేండ్లలోపు స్త్రీలు ఒకటిన్నర నుండి రెండున్నర ఏండ్లు హార్మోను చికిత్స తీసుకొని, తరువాత గర్భం కోసం రెండేండ్ల వరకు ఆపారు. మూడేండ్లకు లెక్క చూస్తే, వ్యాధి తిరగబెట్టడం అటువంటి ఇతర రోగినులకంటె ఎక్కువ కాలేదు. 365 మంది బిడ్డలు పుట్టారు. అయితే ఈ వ్యాధి పది పదిహేనేండ్ల తరువాత కూడ తిరిగి రాగలది కనుక పరిశీలన ఇంకా సాగవలసినదే. పైగా అది వైద్యులకు చెప్పి, కాలం నిర్ణయించుకొని, మందు ఒంటి నుండి పోయేందుకు మూడు నెలలు ఆగి, మళ్ళీ మొదలుపెట్టే ఒప్పందంమీద ఆపడం. మిఠాయి డబ్బాలో దాచడం కాదు. మా అమ్మాయి, అల్లుడుగారు ఇంకా ఏదీ నిశ్చయించుకోలేదు. నేను అడగడం లేదు.

అన్నీ చక్కబడ్డాయని వ్రాస్తే అబద్ధమవుతుంది. ఆవిర్లు తగ్గాయి, పోలేదు. కొన్ని ఉదయాలు ఇప్పటికీ గోడ పట్టుకొనే దిగుతుంది. మాత్ర మాత్రం రాత్రి భోజనం కాగానే వేసుకొంటున్నది. నేను షీట్లు లెక్కపెట్టడం మానుకొన్నాను. దానికి బదులు "ఈ రోజు ఎట్లా ఉన్నదమ్మా?" అని అడుగుతున్నాను. మొదట్లో "బాగానే ఉంది" అనేది. ఇప్పుడు బాగా లేని రోజున బాగా లేదనే చెప్తున్నది.

ఈ టపా ప్రచురించే ముందు అమ్మాయికి చదివి వినిపించాను. తొమ్మిదవ వరుస తీసివేయనా అని అడిగాను. "ఉంచండి నాన్నా, అది రాయకపోతే మిగతాది ఎందుకు?" అన్నది. కనుక వ్రాస్తున్నాను. యోని పొడిబారి దాంపత్యం బాధాకరం కావడం. మడతలో ఉన్న మాట అదే.

మిత్రులారా, నేను వైద్యుణ్ణి కాను. మీ ఇంట, మీ బంధువులలో ఈ మాత్ర వాడే పడుచుపిల్లలు ఉంటే రెండు మాటలు చెప్పండి. బాధ భరించలేకపోతే మందు మానడానికి ముందు, ఆ బాధ వైద్యులకు చెప్పండి. వేరే ఏ మందు వాడుతున్నా, అది ఎంత చిన్నదైనా, అదీ చెప్పండి. నోట చెప్పలేకపోతే కాగితంమీద వ్రాసి ఇవ్వండి. వ్రాసేటప్పుడు మాట దొరకకపోతే మీ ఇంటిలో పెద్దవారిని అడగండి. ఆ పెద్దవారు నా వంటివారైతే, కోపగించుకోకుండా వెదికిపెట్టండి.

సెలవు.