టెన్నిస్ గడపకు పైలట్ పేరు

ఫ్రెంచ్ ఓపెన్ అనగానే ఎర్రమట్టి కోర్టులూ, రోలాండ్ గారోస్ అన్న పేరూ గుర్తొస్తాయి. 2012లో మన సానియా మీర్జా, మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్ గెలిచింది అక్కడే. ఇంతకీ ఎవరా గారోస్? టెన్నిస్ ఛాంపియన్ కాదు... పైలట్! 1913లో ఎక్కడా ఆగకుండా మధ్యధరా సముద్రాన్ని విమానంలో దాటిన మొదటి వ్యక్తి. ఆయన పేరు టెన్నిస్ స్టేడియానికి రావడానికి కారణం 'స్టాడ్ ఫ్రాన్సె' అనే క్లబ్బు.

1883లో పారిస్ విద్యార్థులు కొందరు కలిసి పెట్టుకున్న క్లబ్బు ఇది. పరుగుపందేలతో పాటు రగ్బీ, ఫుట్‌బాల్, టెన్నిస్, హాకీ... ఇలా ఒక్కో ఆటా వచ్చి చేరింది. 1892లో జరిగిన తొలి ఫ్రెంచ్ రగ్బీ ఫైనల్లో రేసింగ్ క్లబ్ చేతిలో 3-4తో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌కి రిఫరీ ఎవరో తెలుసా? ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడైన కుబర్టిన్! మరుసటి ఏడాదే ఆ రేసింగ్‌పైనే గెలిచి కసి తీర్చుకుంది. 1908 నాటికి ఎనిమిది టైటిళ్లు. తొమ్మిదో దానికి మాత్రం 1998 దాకా, అంటే 90 ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది.

గారోస్ ఈ క్లబ్బు సభ్యుడే. మొదటి ప్రపంచయుద్ధంలో 1918 అక్టోబరు 5న విమానపోరాటంలో నేలకొరిగాడు. మర్నాడే ఆయన 30వ పుట్టినరోజు. 1927లో ఫ్రాన్స్ జట్టు అమెరికాను ఓడించి డేవిస్ కప్ గెలిచింది. మరుసటి ఏడాది సొంతగడ్డ మీద ఆ కప్పును కాపాడుకోవాలంటే పెద్ద స్టేడియం కావాలి. క్లబ్బు స్థలం ఇస్తానంది కానీ, ఒక షరతు పెట్టింది. స్టేడియానికి గారోస్ పేరే ఉండాలి! అప్పటి క్లబ్బు అధ్యక్షుడు ఎమిల్ లెసియర్, గారోస్‌కు కాలేజీ స్నేహితుడు మరి.

అదే పేటలో క్లబ్బు రగ్బీ జట్టు ఆడే జాన్ బువాన్ స్టేడియం ఉంది. దానిదీ ఇలాంటి కథే. 1912 ఒలింపిక్స్ 5000 మీటర్ల పరుగులో సెకనులో పదో వంతు తేడాతో స్వర్ణం చేజార్చుకున్న బువాన్, 1914లో యుద్ధానికి వెళ్లి తిరిగిరాలేదు.

2017లో ఈ రగ్బీ జట్టును పాత ప్రత్యర్థి వారసులైన 'రేసింగ్ 92'లో కలిపేస్తామని యజమానులు ప్రకటించారు. ఆటగాళ్లు సమ్మెకు దిగారు, అభిమానులు వీధుల్లోకొచ్చారు. వారం తిరక్కుండానే యజమానులు వెనక్కి తగ్గారు. స్నేహితుడి పేరు కోసం షరతు పెట్టిన క్లబ్బు, తన పేరును మాత్రం ఊరికే వదులుకుంటుందా!