ఎర్రనీళ్ల నెల

జూన్ 24

బొమ్మలు వచ్చాయి. పాటు మీద తేవద్దంటే మాస్టారు వినలేదు. రేవు ఇంకా అల్లంత దూరం ఉండగానే పడవ ఇసుకలో తట్టుకుపోయింది. కుర్రాళ్లు మోకాలి లోతు నీళ్లలో దిగి, చుట్టలు నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చారు. ఆయన మాత్రం గొడుగు వేసుకుని ఆఖర్న దిగారు. పంచె అంచు తడవలేదు. ఎలాగో.

టార్పాలిన్ విప్పి సావిట్లో పరిచాం. పదకొండు. ఒక్కటీ నేనెరిగిన మాస్టారి బొమ్మ కాదు. కొబ్బరిచెట్లు లేవు. కాలవ మీద తెరచాప లేదు. బిందె చంకనెత్తుకున్న ఆడమనిషి లేదు. ఆహ్వానపత్రం మీద అవన్నీ ఉన్నాయి. అది అచ్చయి, పంచడం కూడా అయిపోయింది.

ఎలా ఉన్నాయని ఆయన అడగలేదు. నేనూ ఏమీ అనలేదు. కాఫీ ఇచ్చాను. పంచదార ఎక్కువైందన్నారు.

జూన్ 25

ఖద్దరు గుడ్డ. దాని మీద చింతపిక్కల జిగురు, గంజి, సుద్ద. చేర్యాల నకాషీ వాళ్ల పద్ధతి. పైన తుమ్మబంక కలిపిన ఒండ్రు. ఎక్కడిదో కాదు, మన రేవుదే. కాస్త దీపం మసి, అక్కడక్కడ కావిరాయి. ఇంతే రంగులు.

ఈ గాలికి బీరువాలో పట్టుచీరే బూజు పడుతుంది. చింతపిక్కల జిగురంటే పురుగులకి విందు. మైలుతుత్తం కలిపారా అని అడిగితే, "బడిలో రికార్డులు కుట్టినవాణ్ణి, కలపకుండా ఉంటానా" అని చిరాకుపడ్డారు. అయినా నా భయం నాది. వెనకాల కర్పూరం మూటలు కట్టించాలి. గుడ్డకీ గోడకీ మధ్య గాలి ఆడేలా సన్నటి రీపర్లు.

కొబ్బరిచెట్ల బొమ్మలైతే పండక్కొచ్చిన అల్లుళ్లు కొనుక్కుపోయేవారు. పెంకు నేయించుకునేదాన్ని.

జూన్ 27

వేలాడదీశాం. ఫ్రేములు వద్దన్నారు. నరసాపురం నుంచి వచ్చిన ఫ్రేములాయన బేరం పోయి, ఊరికే కూర్చుని పేపరు చదివి వెళ్లాడు. పేర్లు వద్దన్నారు. దీపాలూ వద్దు, మండువాలోంచి పడే వెలుగు చాలన్నారు. మబ్బు పడితే? "మబ్బు పడితే మబ్బులో చూస్తారు."

అన్నీ కిందికి పెట్టించారు. మరీ కిందికి. పెద్దదైతే నా నడుం దగ్గరే సగం. ఎందుకంటే, మనవాళ్లు కూర్చుని చూస్తారుట. దానికి మాత్రం దగ్గరుండి, మేకు రెండుసార్లు పీకించి మళ్లీ కొట్టించారు. అంగుళం తేడాకి అంత రభస ఎందుకో.

సాయంత్రం తమ్ముడి ఫోను. "తాతయ్య గోడలకి ఎన్ని మేకులు కొట్టించావక్కా?" మేకుల గురించి కాదని ఇద్దరికీ తెలుసు. దిండి వైపు రిసార్టుల వాళ్లు మండువా ఇళ్లు వెతుకుతున్నారుట. వాడి గొంతులో ఆశ. నాకు కోపం రాలేదు. అదే కొంచెం భయమేసింది.

జూన్ 29

ప్రారంభం. పాలకొల్లు నుంచి, భీమవరం నుంచి ఓ పదిమంది. తాపేశ్వరం కాజాలు ముందు అయిపోయాయి, ఉపన్యాసాలు తర్వాత అయిపోయాయి. వచ్చిన పెద్దమనిషి బాపు పుట్టిన నరసాపురం గురించి చాలాసేపు మాట్లాడాడు. గోడల వైపు తిరగలేదు.

ఇంకొకాయన నా పక్కకొచ్చి మెల్లిగా, "దామెర్లని చూశాక ఇవి కళ్లకి ఆనవండీ" అన్నాడు. రాజమండ్రి గ్యాలరీకి మమ్మల్ని విహారయాత్ర పేరుతో తీసుకెళ్లింది మాస్టారే. తొమ్మిదో తరగతిలో. 28 నిండకుండానే మశూచితో పోయాడర్రా అని చెప్తూ ఒక్కసారిగా ఆగిపోయారు. దామెర్ల గురువు కూల్డ్రే దొర సంగతి చెప్పబోయి చెప్పలేదు. తర్వాత బస్సులో మా అందరికీ బఠాణీలు కొనిపెట్టారు. ఆ వేళ ఏం చూశారో ఆయన. మేం జామకాయల గొడవలో ఉన్నాం.

"కొబ్బరిచెట్లవి లేవాండీ?" ఈ మాట ఎంతమంది అడిగారో. మాస్టారు వినబడనట్టు కూర్చున్నారు. వినబడుతుంది ఆయనకి. బాగా వినబడుతుంది.

జూలై 3

ఎవరూ రాలేదు. చాప వేసుకుని కింద కూర్చున్నాను.

ఇవన్నీ ఏట్లోంచి చూసినవి. పడవలో కూర్చుని లంకని చూస్తే కనబడేది. కోత పడ్డ ఒడ్డు, నిలువునా. పైన పచ్చ చారెడు కూడా లేదు. కింద పొరలు: ఒండ్రు, ఇసుక, మళ్లీ ఒండ్రు, నడిమిన నల్లటి చార. ఏ పొర ఏ వరదదో ఆయనకి తెలుసేమో. తెగిన వేళ్లు గాల్లో. ఒకదాంట్లో సగం అరుగు. ఒకదాంట్లో పశువుల గుంజ, దానికింకా పలుపుతాడు. మిగతా తాడు గుడ్డ అంచు దాటి ఎటో పోయింది.

ఏరు మటుకు వెయ్యలేదు. ప్రతి గుడ్డా కిందిసగం ఉత్తిదే. రంగు పట్టించలేదు, సుద్ద కూడా పూయలేదు.

చందమామ అట్టల మీది వడ్డాది పాపయ్య బొమ్మలు కత్తిరించి, నోటుబుక్కులో అంటించుకుని దిద్దుకున్న చెయ్యి ఇది. ఆ నోటుబుక్కు మాకు చూపించేవారు. ఆ గులాబిరంగులు, ఆ చీర మడతలు... అవన్నీ ఎక్కడ పెట్టేశారు?

ఎనిమిదో బొమ్మలో నుయ్యి ఉంది. ఒడ్డు పోయి, ఒరలు మాత్రం ఏట్లో నిలబడి ఉన్నాయి.

దాని దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు.

జూలై 6

లేసు అల్లుకునే వాళ్లు వాన వస్తే అరుగెక్కారు. వాన పెద్దదైతే లోపలికొచ్చారు. దారపు ఉండలు ఒళ్లో, సూదులు చేతిలో, కళ్లు గోడల మీద. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత మొదలెట్టారు. "ఇది కరణం గారి దొడ్డి కాదుటే?" "కాదు, దొడ్డి అవతలది. ఇదిగో మెట్టు." "ఆ గుంజ మా గేదెదే, నేను చెప్పనా?" మాస్టారి బొమ్మల్ని కుడి నుంచి ఎడమకి చదివారు. రేవు నుంచి ఎగువకి. నేను ఎడమ నుంచి పెట్టుకున్న అంకెలన్నీ తలకిందులు.

ఒకావిడ మనవడు "కేకు ముక్కలా ఉందే" అన్నాడు. అందరూ నవ్వారు.

ఎనిమిదో దాని దగ్గరికొచ్చాక పెద్దావిడ ఏదో అనబోయి, నా వైపు చూసి, దారం తెగిందంటూ కూర్చుంది. దారం తెగలేదు.

జూలై 8

పొద్దున్నే ఒక రైతు పాస్‌పుస్తకంతో వచ్చాడు. ఎకరం నలభై సెంట్లు. పుస్తకంలో ఉంది, ఏట్లోనూ ఉంది. ఐదో బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని జానెతో కొలిచాడు. "ఇక్కణ్ణుంచి ఇక్కడికి మాదండి. హద్దు మీద చింతచెట్టు లేదేంటండి?"

బొమ్మ కదండీ అన్నాను.

"బొమ్మైతే మాత్రం చెట్టు తీసేస్తారా అండి?"

జవాబు తోచలేదు. మాస్టారితో చెప్తానన్నాను. "ఆయ్" అని, పుస్తకం చొక్కాలో దాచుకుని వెళ్లాడు.

జూలై 9

మాస్టారికి చెప్పాను. "చెట్టెక్కడిదమ్మా అక్కడ? ఒడ్డు పోకముందే కొట్టించి కలప అమ్ముకున్నాడు. కూతురి పెళ్లికి." ఇంకేం మాట్లాడలేదు. భోంచేసి పడుకున్నారు.

మధ్యాహ్నం గిన్నెలో ఒండ్రు కలుపుతున్న చప్పుడు. నేను వెళ్లలేదు. గోడకి తగిలించిన బొమ్మ మీద మళ్లీ చెయ్యి పెట్టొచ్చా? జనం చూసేశాక? ఎవరిని అడగాలి?

సాయంత్రం చూశాను. హద్దు మీద మొదలు వేశారు. మొదలు మాత్రమే. గొడ్డలి గాట్లతో సహా.

జూలై 11

రైతు మళ్లీ వచ్చాడు. మొదలు కేసి చూసి, చూసి, "ముసలాడికి అన్నీ గుర్తే" అన్నాడు. తిట్టో మెప్పో తెలియలేదు. మధ్యాహ్నం మనవడిని తీసుకొచ్చి చూపించాడు.

రోజూ ఎవరో ఒకరు. చెప్పులు గుమ్మం బయట విప్పి వస్తున్నారు. అలా విప్పమని నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకం మాత్రం సున్నా.

జూలై 12

ఎర్రనీళ్లు దిగాయి. నిన్న సాయంత్రం దాకా ఆకుపచ్చగా ఉన్న ఏరు, పొద్దుటికి మారిపోయింది. మాస్టారు చెంబు పట్టుకుని రేవులో దిగారు. ఈ ఒండ్రు వేరుట. పైనుంచి, ఎక్కడెక్కడి గుట్టల నుంచో వచ్చింది. అరచేతిలో రుద్ది చూపించారు. నాకు తేడా తెలియలేదు. తెలిసినట్టు తలూపాను.

జూన్‌లోనే ప్రదర్శన పెట్టాలని పట్టుబట్టింది ఇందుకేనా? అడగలేదు.

జూలై 14

హైదరాబాదు నుంచి ఒకాయన ఫోను. ప్రారంభానికి వచ్చినవాళ్లెవరో ఫోటోలు పంపారుట. ఫార్మ్‌హౌస్ హాల్లోకి కావాలి. ఏది? "ఆ నీళ్లలో టవర్ లాంటిది ఉంది చూడండీ, అది."

నలభై వేలనుకున్నది లక్షా ఇరవై అన్నాను. ఆ దెబ్బకి ఊరుకుంటాడని. ఊరుకోలేదు. సరేనన్నాడు. బేరమైనా ఆడలేదు మహానుభావుడు.

రాత్రి లెక్కలు వేశాను. పడమటి వసారా పెంకు, దూలం, కరెంటు బకాయి. అన్నీ తీరి ఇంకా మిగులుతుంది.

నిద్ర పట్టలేదు. నాన్న ఆ నూతి గట్టు మీద కూర్చుని పొగాకు చుట్టుకునేవాడు. తోట చివర. మధ్యాహ్నం పూట చేద చప్పుడు ఇంటిదాకా వినబడేది. అంత దగ్గరా, అంత దూరమా?

జూలై 16

ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక. 11.75 అడుగులు. పది లక్షల క్యూసెక్కులు. మనకి చేరేది రేపు. పైగా పోటు రోజులు. సముద్రం పోటు మీదుంటే వరద లాగదు. టముకు వేశారు, పడవలు ఆపేశారు. తమ్ముడు వచ్చెయ్యమంటున్నాడు. ఎలా రావాలో వాడికే తెలియాలి.

మొదటి హెచ్చరికకి ఇంట్లోకి రాదు నీరు. 2022లో పాతిక లక్షలు దాటినప్పుడు వచ్చింది. అయినా రెండో హెచ్చరిక అంటే 13.75. మూడోది 17.75. ఈ అంకెలు మాకు ఎక్కాల కన్నా ముందు వచ్చు.

బొమ్మలు అటక ఎక్కించాలి.

జూలై 17

రేవులో వాళ్లూ, లేసు వాళ్లూ సాయం వచ్చారు. చుట్టడం వాళ్లకే బాగా వచ్చు. ఆఖరికి పెద్దది దింపాం.

వెనకాల గోడ మీద 86 వరద గీత. ఆగస్టు 16. తాతయ్య మేకుతో గీసి, తేదీ వేసి ఉంచిన గీత. సున్నాలు వేసినా దాన్ని వదిలేసి వేసేవాళ్లం. మేకు కొట్టించేటప్పుడు అది చూశాను, దాని మీద బొమ్మ వస్తోందనే చూశాను. ఎక్కడ వస్తోందో చూడలేదు.

బొమ్మని మళ్లీ ఎత్తి పట్టుకోమన్నాను. కుర్రాళ్లు విసుక్కున్నారు. పట్టుకున్నారు. బొమ్మలో ఒడ్డు పైఅంచు, గోడ మీద గీత, ఒకే మట్టం. ఇటు చివర నుంచి అటు చివరికి.

అంగుళం తేడాకి రభస.

మాస్టారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తితే ఏం అడుగుదును?

జూలై 18

నీరు రెండో మెట్టు దాకా వచ్చింది. రెండో హెచ్చరిక ఇస్తారన్నారు, ఇవ్వలేదు. లాంతరు తుడిచి పెట్టుకున్నాను. అటక మీద ఎలకల చప్పుడు. చింతపిక్కలు! నిచ్చెన వేసుకుని ఎక్కి, వాటి పక్కనే పడుకున్నాను. ఈ వయసులో.

జూలై 21

వరద తీసింది. గుమ్మం ముందు వేలెడు మెరక. ఎగువన గట్టు ఇంకో బార పోయిందిట. అరటిగెలలు కోసుకునే వ్యవధి లేదుట. తీరుబడిగా చెప్తున్నాడు పడవ అబ్బాయి, వాడిదే ఆ తోట.

మాస్టారు వచ్చారు. గీత మాట ఎత్తాను. "చూశావా" అన్నారు. అంతే. కాఫీ అడిగారు. పంచదార తగ్గించి ఇచ్చాను, చాలలేదన్నారు.

ఎనిమిదోది అడుగుతున్నారని చెప్పాను. ఎవరిదో ఆ నుయ్యి ఆయనకి తెలియదా? తెలుసు. "పంపెయ్యమ్మా" అన్నారు. మళ్లీ వేస్తారా అంటే, "ఒరలు కూడా పోయాయి కదా మొన్న. ఏం చూసి వెయ్యను?"

గుర్తున్నది వెయ్యరాదా అనబోయి మానేశాను. గుర్తున్నది వేసే మనిషైతే చింతచెట్టు వేసేవారు.

జూలై 23

ఎనిమిదోది కట్టాం. లోపల మల్లుగుడ్డ, పైన అట్ట, దాని పైన టార్పాలిన్. కట్టేముందు లేసు వాళ్లు వరసగా నిలబడి సెల్లులో ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ నరసాపురంలో పెద్దది చేయించి కూతురికి పంపుతుందిట, దుబాయికి. దానికి ఫ్రేము కట్టిస్తుందిట. మాస్టారు వింటే ఏమంటారో.

పడవలో పెడుతూ అబ్బాయి అడిగాడు. "మీ నుయ్యే కదండీ ఇది?"

"ఆయ్" అన్నాను.

వాడు ఇంకేం అడగలేదు. గెడ వేశాడు.

జూలై 27

డబ్బు వచ్చింది. పెంకు మనిషికి బయానా ఇచ్చాను.

మాస్టారు కబురు పంపారు. మొన్నటి ఎర్రనీళ్ల ఒండ్రుతో కొత్తది మొదలెట్టారుట. ఒక్కటే గుడ్డ, చుట్టడానికి వీల్లేదు, పలక మీద అంటించి వేస్తున్నారు. కొలతలు దారానికి ముళ్లు వేసి పంపారు. నడవలో పెట్టి చూశాను. సింహద్వారం పట్టదు.

వడ్రంగి వచ్చి ద్వారబంధం చుట్టూ తిరిగాడు. నగిషీ కొయ్య, తాతయ్య నాటిది. తీస్తే మళ్లీ ఇలాగే కూర్చుంటుందని మాటివ్వలేనన్నాడు. శ్రావణం వచ్చేలోగా అయితే మంచిదన్నాడు. అక్కగారూ, తమ్ముడుగారిని ఒక మాట అడగరా అన్నాడు.

తియ్యమన్నాను. సోమవారం వస్తాడు.