తర్వాతి రౌండు

లీడ్స్‌లో దిగిన మొదటి వారంలోనే నేను అమెరికన్‌ని అయిపోయాను. పన్నెండేళ్ళప్పుడు గుంటూరు వదిలి న్యూజెర్సీ వెళ్ళినదాన్ని. అక్కడ ఎన్నేళ్ళున్నా "అసలు మీదే దేశం?" అన్న ప్రశ్న తప్పలేదు. ఏడాది చదువుకని ఇక్కడికొస్తే, నోరు తెరవగానే "ఓ, అమెరికనా!" అంటున్నారు. అక్కడ పాస్‌పోర్టు వల్ల కానిది ఇక్కడ నా యాస చేసిపెట్టింది.

నాకు ఇరవై ఏళ్ళు. అమెరికాలో 21 నిండితేగానీ మందు కొనడానికి లేదు. ఆ వయసు పెట్టని రాష్ట్రాలకి రోడ్ల నిధుల్లో కోత వేస్తామని 1984లో చట్టం చేశారు. అందుకని మా కాలేజీ తాగుళ్ళన్నీ ఇళ్ళ కింద సెల్లార్లలో, ఎర్ర ప్లాస్టిక్ కప్పులతో, పోలీసు కారు వస్తుందేమోనని ఓ చెవి బయట పడేసి. ఇక్కడ 18 నిండితే చాలు. స్టూడెంట్స్ యూనియన్ బిల్డింగ్‌లోనే బారు! దాచుకోవాల్సిన పని లేకపోతే ఆ సరదా సగం పోతుందేమో అనుకున్నాను. ఏమీ పోలేదు.

పబ్ అంటే మనవాళ్ళకి గుర్తొచ్చేది జూబిలీహిల్స్: చీకటి, డీజే, గుండెల మీద కొట్టే పాట. ఇక్కడి పబ్‌లో చాలాచోట్ల పాటే ఉండదు. ఓ మూల తాతగారు పేపర్లో పదకేళి నింపుతుంటాడు, కాళ్ళ దగ్గర కుక్క నిద్రపోతుంటుంది. రచ్చబండకి పైకప్పు వేసి బీరు పోసినట్టుంటుంది.

నన్ను తికమక పెట్టింది రౌండ్ల పద్ధతి. ఎవరి గ్లాసు వాళ్ళు కొనుక్కోరు. ఆరుగురం వెళితే, ఒక్కొక్కళ్ళు వంతులవారీగా ఆరుగురికీ కొనాలి. న్యూజెర్సీలో అయితే బిల్లు రాగానే ఫోన్లు తీసి సెంట్లతో సహా పంచుకుంటాం. నేను తాగేది లైమ్ సోడా, దాని ఖరీదు నామమాత్రం. నా వంతు వచ్చినప్పుడు మాత్రం అయిదు పైంట్లు కొనాలి. పైగా ఇక్కడి పైంటు అమెరికా పైంటు కాదు. అక్కడ 473 మిల్లీలీటర్లయితే ఇక్కడ 568.

"నువ్వు తాగనిదానికి నువ్వెందుకే డబ్బులివ్వడం?" అంది అమ్మ ఫోన్లో.

"పెళ్ళి చదివింపుల్లాంటిదమ్మా" అన్నాను.

అమ్మకి ఠక్కున అర్థమైంది. "అయితే ఎగ్గొట్టకు, మాటొస్తుంది" అంది.

రాత్రి పదకొండు కావస్తుంటే బారువాడు గంట కొడతాడు, ఆఖరి ఆర్డర్లని. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధాల ఫ్యాక్టరీ పనివాళ్ళు తాగి పని చెడగొడుతున్నారని పబ్‌ల వేళలు కుదించారు. 2005లో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక ఆ కట్టడి సడలినా, గంట మాత్రం చాలాచోట్ల మిగిలింది.

గంట తర్వాత అందరూ కూరకి పోతారు. 'కూర' అంటే ఇండియన్ రెస్టారెంటు. బోర్డు మీద ఇండియా అని ఉన్నా నడిపేది చాలావరకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవాళ్ళు. ఓ శనివారం ఓట్లీ రన్‌కి వెళ్ళాం. అంటే రకరకాల వేషాలు కట్టుకుని ఫార్ హెడింగ్లీ నుంచి ఊళ్ళోకి పబ్ తర్వాత పబ్ తాగుతూ రావడం. (అవును, క్రికెట్ హెడింగ్లీయే.) చివరికి కూర. మాలో పాదిరీ వేషం వేసినవాడు వెయిటర్‌ని చిటికె వేసి పిలిచి, తల ఊపుతూ, మన యాసని వెక్కిరిస్తూ విందాలూ అడిగాడు. టేబులంతా నవ్వింది. వెయిటరు కూడా నవ్వాడు. మా నాన్న పెట్రోలు బంకులో పనిచేసిన రోజుల్లో కస్టమర్ల ముందు నవ్విన నవ్వు అది.

"నువ్వు చేస్తున్నది మా నాన్న యాస" అన్నాను.

"అయ్యో, నిన్ననలేదు! నువ్వు అమెరికన్‌వి కదా" అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు వాడికి.

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వెయిటరు పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క ఉన్న ప్లేటు తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇది బిల్లులో రాదు" అన్నాడు వచ్చీరాని హిందీలో.

ఈ దేశంలో మనం కాలు తొక్కినా వాళ్ళే సారీ అంటారు. ఆ పాదిరీ మాత్రం అనలేదు. గురువారం పబ్‌లో అందరికన్నా ముందు లేచి బారు దగ్గరికి వెళ్ళాడు. మొదట నా లైమ్ సోడా తెచ్చి, నా వైపు చూడకుండా టేబుల్ మీద పెట్టాడు. కాసేపు దాన్ని అలాగే ఉంచాను. తర్వాత తాగాను. తర్వాతి రౌండు నాది.