ఇంటి బీరు, గడప దాటని చట్టం

బీరుకు కావలసినవి నాలుగే: మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్ పూలు, ఈస్టు, నీళ్లు. దంచిన బార్లీని 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిని వడగట్టి, చేదు కోసం హాప్స్ వేసి మరిగించి, గబగబా చల్లార్చి, ఈస్టు కలిపి మూతపెట్టాలి. ఆపైన రెండు వారాల ఓపిక. సైడర్ ఇంకా తేలిక. ఆపిల్ రసంలో ఈస్టు కలిపితే చాలు, నిల్వమందు కలిపిన డబ్బా రసం కాకపోతే. ఇడ్లీపిండి పులియబెట్టే ఇల్లాలికి ఇందులో వింతేమీ లేదు. ఆవకాయ జాడీకి ఆమె పాటించే మడే ఇక్కడా కావాలి. ఇంటి బీరు చెడిందంటే చాలావరకు గిన్నెలు సరిగా కడగకపోవడమే కారణం.

అమెరికాలో లక్షలాది మందికి ఇది వారాంతపు వ్యాపకం. ఆ హక్కు మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1933లో మద్యనిషేధం ముగిశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది, బీరుకు దొరకలేదు. ఆ వెలితి పూడటానికి 45 ఏళ్లు పట్టింది. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇంట్లో ఒక్కరే పెద్దవారుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు, అంతకుమించి ఉంటే 200 గ్యాలన్లు (సుమారు 757 లీటర్లు) పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. సారా కాయడానికి ఆ మినహాయింపు లేదు. రాష్ట్రాలూ ఒప్పుకోవాలి కాబట్టి మిసిసిపీ, అలబామా వాసులు 2013 దాకా ఆగాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలోని చికోలో ఇంటి బీరు సరుకుల దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెర్రా నెవాడా బ్రూవరీ పెట్టారు. 1970ల చివర్లో దేశం మొత్తమ్మీద వంద లోపే ఉన్న బ్రూవరీల సంఖ్య తర్వాతి కాలంలో తొమ్మిది వేలు దాటింది.

భారత్‌లో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. హైదరాబాద్‌లో మైక్రో బ్రూవరీకి వెళ్లి తాజా బీరు తాగొచ్చు. అదే బీరు లైసెన్సు లేకుండా ఫ్లాట్‌లో చేసుకుంటే ఎక్సైజ్ కేసు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో సడలింపూ వచ్చింది. ‘ఇంట్లో చేసిన మందు’ అనగానే తెలుగు చెవికి గుడుంబా అనే వినబడుతుంది. నిజానికి గుడుంబా బట్టీ మీద కాచేది, బీరు కుండలో పులిసేది. ఆవిరి పట్టి ఘాటు పెంచడం వేరు, ఐదు శాతం దగ్గర్లో ఆగిపోయే పులుపు వేరు. చట్టం రెండింటినీ ఒకే గాటన కట్టింది.

ఆ తేడా ఆదివాసులకు ఎప్పటినుంచో తెలుసు. జార్ఖండ్‌లో అన్నం వండి ఆరబెట్టి, రాను బిళ్లలు కలిపి పులియబెడితే హండియా. అస్సాంలో దిమాసాల బియ్యపు మద్యం జుడిమాకు 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండేలా చూడాలని 1996 నాటి పెసా చట్టం రాష్ట్రాలకు చెప్పింది. కుండ ఉండాలా, పగలాలా అన్నది ఊరే తేల్చుకోవాలన్న మాట. వినడానికి బాగానే ఉంది.

నగరాల్లో సరదాపడే వారికి అమెరికా నమూనా ముచ్చటగా కనిపించవచ్చు. కానీ అక్కడి చట్టానికి ఇరుసు ‘అమ్మకూడదు’ అన్న షరతే. జార్ఖండ్ సంతల్లో హండియా కుండ పెట్టుకు కూర్చునేది ఆడవాళ్లు. వారిని వేరే పనులకు మళ్లించడానికి అక్కడి ప్రభుత్వం 2020లో ఫూలో ఝానో పేరుతో వడ్డీలేని రుణాల పథకం పెట్టింది. ఆ 200 గ్యాలన్ల సూత్రాన్ని యథాతథంగా దించుకుంటే గ్యారేజీ ఉన్నవాడు గట్టెక్కుతాడు. సాయంత్రానికి బియ్యం డబ్బులు రాబట్టుకోవాల్సిన ఆ సంత మహిళకు మాత్రం అందులో చోటుండదు.