చిన్నమావయ్య గోనెసంచి

అనకాపల్లి
2025 మే 7, ఉదయం

అమ్మా,

తెల్లవారకముందే రైలు దిగాను. అచ్యుతాపురం బస్సు కోసం కూర్చుంటే పక్కన ఒక పెద్దాయన పలకరించాడు. ఆయనదీ పూడిమడకే. తాతయ్య జీడితోట ఆనవాళ్ళు చెప్పబోయానో లేదో, “సైకిలుతో సహా సముద్రంలో దిగిపోయిన కుర్రోడి తోటే కదేటి?” అన్నాడు. నీ తమ్ముడి కీర్తి ఊరు దాటి బస్‌స్టాండు దాకా వచ్చింది. ఆ సంగతి మన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నా సముద్రం దగ్గరే ఆపేస్తాం. మిగతా సగం నేను రాస్తాను, మావయ్య పక్కన కూర్చున్నప్పుడు పైకి చదువు.

పూడిమడక
అదే రోజు, సాయంత్రం

అమ్మా,

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఇంజను పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. వాటి నీడన వలలు బాగుచేసుకుంటున్నారు. మావయ్య గోనెసంచి విసిరేసిన చోటు ఇదేనని ఒకామె చూపించింది. నాకు గుర్తున్న చోటూ అదే.

ఆ సంక్రాంతికి జీడిపూత మాడిపోతోందని తాతయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదు. టీ దోమ పట్టింది. లేత కొమ్మల్లో, పూతలో రసం పీల్చేస్తుంది అది. ఎర్రచీమలున్న చెట్టు జోలికి ఆ దోమ రాదని చోడవరం వైపు మామిడితోట కాపలాదారు ఎవరో మావయ్యకి చెప్పాడు. అంతే, మర్నాడు తెల్లవారుజామునే నన్ను లేపాడు. తాతయ్య పొడుగుచేతుల చొక్కా, పంట్లాం అంచులకి పురికొస కట్లు, చేతులకీ మెడకీ పొయ్యిలో బూడిద. అమ్మమ్మ చూసి, ఇంటికెవరో సాధువు వచ్చాడనుకుని దండం పెట్టబోయింది.

చెరువుగట్టు మామిడిచెట్టు మీద కొన్ని చీమల గూళ్ళు, అవతలి పొలంలో నేరేడుచెట్టు మీద కొన్ని గూళ్ళు, కొమ్మలతో సహా కోసి అన్నీ ఒకే గోనెలో కుక్కాడు. మూతి బిగించి సైకిలు కేరేజీకి కట్టాడు. నేను ముందు గొట్టం మీద కూర్చున్నాను. కాసేపటికి వెనక నుంచి చిటపటమని చినుకులు పడుతున్న చప్పుడు. ఆకాశం చూస్తే నిర్మలంగా ఉంది. కోపమొస్తే ఆ చీమలు ఆకుల మీద అలా దరువేస్తాయని మాకప్పుడు తెలీదు. గోనె అల్లికలోంచి, సీటు మీదుగా, చొక్కా కిందుగా పైకొచ్చేశాయి. మావయ్య పెడల్స్ మీద లేచి నిలబడ్డాడు. “దూకెయ్!” అని నన్ను ఇసుకలోకి తోసేసి, సంచి పీకి పారేసి, ఆగకుండా అలల్లోకి తొక్కేశాడు. సంచి వెళ్ళి ఎండబెట్టిన కానాగంతల మధ్య పడింది. చేపలు ఎత్తుకుంటున్న ఆడవాళ్ళ కేకలు, వాళ్ళలో ఒకామె “ఏటి బాబూ, మా సేపలకి కారం నువ్వే రాసేస్తన్నావేటి?” అని అడగడం, మెడలోతు నీళ్ళలోంచి మావయ్య “ఇప్పుడే తీసేస్తానమ్మా” అని ఎంతో మర్యాదగా జవాబివ్వడం, ఇవన్నీ నీకు తెలిసినవే. ఆ చీమకి కుట్టే ముల్లు లేదు. కొరికిన చోటే ఆమ్లం చిమ్ముతుంది, అందుకే అంత మంట. అమ్మమ్మ ఆ రాత్రి మావయ్య ఒళ్ళంతా సున్నం రాసింది.

పూడిమడక
మే 8

అమ్మా,

నీకు తెలియనిది ఇదీ. మర్నాడు మావయ్య, నేను సంచి విప్పాం. లోపల చాలావరకు చచ్చిపోయి ఉన్నాయి, రెండేసి చీమలు ఒకదాన్నొకటి పట్టుకుని. రెండు చెట్లవీ రెండు వేరు వేరు కుటుంబాలు. వాటికి పరాయి గూటి వాసన గిట్టదు. మావయ్య నవ్వలేదు. చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చుని చూశాడు. మళ్ళీ కార్తీకంలో, పూత రాకముందే, ఒక్క చెట్టు గూళ్ళే, చిటారుకొమ్మ గూడు సహా, పొద్దువాలాక కోశాడు. రాణి ఏదో ఒక గూట్లోనే ఉంటుంది, అది రాకపోతే మిగతావి ఎక్కువకాలం నిలవవు. చెట్టుకీ చెట్టుకీ తాడు కట్టి దారి వేశాడు. ఆ ఏడు తూర్పువరస చెట్లకి పూత నిలిచింది. గింజలు ఏరే కూలీలు చీమల్ని తిట్టుకున్నారు గానీ తాతయ్య ఒక్క గూడు కూడా దులపనివ్వలేదు.

సుమారు 304లో రాసినదని చెప్పే ఒక చైనా గ్రంథంలో, నారింజతోటల కోసం ఈ చీమల గూళ్ళనే చాపసంచుల్లో పెట్టి సంతలో అమ్మేవారని ఉంది. మావయ్య చేసింది పిచ్చిపని కాదమ్మా. అది ఎంతో పాత సేద్యం. దానికి రావలసిన గౌరవం మన ఇంట్లోనే రాలేదని నా బాధ.

ఇక్కడ హరిత హైడ్రోజన్ కేంద్రానికి ఈ జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఊరంతా ఆ మాటే. దారిపక్కన మిగిలిన ఒక జీడితోటలో ఇవాళ ఈ చీమలు కొత్త గూడు కడుతుంటే చూశాను. పెద్దచీమలకి పట్టు రాదు. పిల్లపురుగుని నోట పట్టుకుని, రెండు ఆకుల అంచుల మధ్య నేతగాడి నాడెలా ఆడిస్తే, దాని నోటి నుంచి దారం వస్తుంది. ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే ఉన్నాను.

తోట యజమానికి మావయ్య పద్ధతి చెబితే శ్రద్ధగా విన్నాడు. రెండు సంగతులు మాత్రం అడిగాడు: చెట్ల మధ్య కట్టింది కొబ్బరితాడా, పాత వలతాడా? ఎంత ఎత్తున కట్టాలి? మావయ్యనే అడిగి వెంటనే రాయి. కార్తీకానికి ఇంకా వ్యవధి ఉంది, కానీ తోట యజమాని ఇప్పటినుంచే చెట్లు చూసుకుంటానంటున్నాడు.