బొమ్మా బొరుసూ, నూరుగురు పేరంటాళ్ళూ

పేరంటానికి నూరుగురిని పిలిచారనుకోండి. వాళ్ళలో ఏ పదిమందిని ఏరినా అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు కాకూడదు. అయితే గుంపు కట్టేసి చీరల దగ్గర్నించి పక్కింటి కోడలి దాకా వెళ్ళిపోతారు. అలాగని ఒకరికొకరు ముక్కూమొహం ఎరగని పదిమందీ ఉండకూడదు. గోడలు చూస్తూ కూర్చుంటారు. అలాంటి నూరుగురు అసలుంటారా?

1947లో పాల్ ఎర్డిష్ అనే హంగేరీ గణితజ్ఞుడు చూపించిన దారిన వెళితే, ఉంటారని తేలుతుంది. ఇరవయ్యొకటో ఏడు దాకా రొట్టెకి వెన్న రాసుకోవడం ఎరగనని తనే చెప్పుకున్న మనిషి! (వాళ్ళమ్మ ఎంత గారాబం చేసిందో మనకి వేరే చెప్పాలా?) పేరంటం నాదిలెండి, పద్ధతి మాత్రం ఆయనదే.

నూరుగురిలో జంటలు 4,950. జంటకోసారి రూపాయిబిళ్ళ ఎగరేయండి. బొమ్మ పడితే తెలిసినవాళ్ళు, బొరుసు పడితే తెలియనివాళ్ళు. పదిమంది గుంపులో జంటలు 45. ఆ నలభై అయిదూ బొమ్మలే, లేకపోతే నలభై అయిదూ బొరుసులే పడే అవకాశం సుమారు 17 లక్షల 59 వేల కోట్లలో ఒక్కటి. నూరుగురిలోంచి ఏరగలిగే పదిమంది గుంపులేమో సుమారు 17 లక్షల 31 వేల కోట్లు. గుంపు గుంపుకీ ఉన్న ఆ పిసరంత గండాన్ని పోగేసినా నిండా ఒకటి కాదు. గండం ప్రతిసారీ వచ్చి తీరాలంటే నిండా ఒకటి కావాలి కదా! కాలేదు గనక, ఏ గండమూ లేని పేరంటం ఒకటి ఉండి తీరాలి.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఉందంటాడు, చూపించడు. మా బంధువుల్లో ఒకావిడ ముప్ఫై నిండిన కూతురికి సంబంధాలు చూస్తోంది. వచ్చినవాళ్ళంతా "ఎక్కడో పుట్టే ఉంటాడులే వదినా" అని కాఫీ తాగి వెళ్ళేవాళ్ళే. "పుట్టాడు సరే, ఏ ఊళ్ళోనో చెప్పండి" అందావిడ ఓసారి. గణితజ్ఞులు అడిగిందీ అదే. పేరంటం పెద్దదయ్యేకొద్దీ, గాల్లోకి ఎగరేసిన రూపాయి ఇచ్చేంత మంచి అమరికని ఏ సూత్రంతోనూ కట్టి చూపించడం ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదు.

చిత్రమేమిటంటే, మన నూరుగురికి ఈ ఎగరేసే తతంగమంతా వందసార్లు చేస్తే, సగటున ఒకటి రెండుసార్లయినా సరైనది పడుతుంది. కాని, పడింది అదేనని పోల్చుకోవడం ఎలా? గుంపుకో సెకను చొప్పున ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే అయిదు లక్షల ఏళ్ళు దాటుతుంది. కంప్యూటరయితే అడ్డదారులు తొక్కి తొందరగా తేల్చేస్తుంది.

ఆవిడకి ఆ అడ్డదారులూ లేవు. పోయిన ఆదివారం కూడా పెళ్ళి ప్రకటనల కాగితం ముందేసుకుని, ఒక్కొక్కటే పెన్సిలుతో కొట్టేస్తూ కూర్చుంది.