అందరికీ ఒకే ఆపరేషన్ కాదు



పెరియంపట్టిలో మా పెద్దమ్మకు కడుపునొప్పి వచ్చి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు తాగించి మూడు రోజులు పోగొట్టాం. వణుకుతో జ్వరం వచ్చాక ధర్మపురికి తీసుకెళ్లాం. పిత్తాశయంలోనే కాదు, పిత్తనాళంలోనూ రాళ్లున్నాయన్నారు. "మా బంధువుకు కీహోల్‌లో రెండుచోట్లా ఒకేసారి తీశారు, ఈమెకూ అలాగే చేయండి" అని పట్టుబట్టాను. డాక్టరు ఒప్పుకోలేదు. కోపమొచ్చింది. తర్వాత ఆయన కూర్చోబెట్టి చెప్పింది మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

పిత్తాశయం ఇంకా ఉండి, మనిషి మత్తుకు తట్టుకోగలిగి, ఈ పనిలో చేయి తిరిగిన సర్జన్ ఉంటే ఒకేసారి తీయొచ్చు. రాళ్లు చిన్నవి, కొన్నే అయితే పిత్తాశయపు సన్నగొట్టం గుండానే లాగేస్తారు. పెద్దవైతే నాళాన్నే కోయాలి. అందుకు అది సుమారు 8-10 మిల్లీమీటర్లైనా వెడల్పుండాలి. సన్ననిదాన్ని కోసి కుడితే తర్వాత ముడుచుకుపోవచ్చు. పిత్తాశయం ముందే తీసేసినవాళ్లకు మామూలుగా నోటి గుండా చేసే ఎండోస్కోపీయే మేలు. నాళానికి చీము పట్టి, వణుకుజ్వరంతో వచ్చినవాళ్లకు ముందు ఎండోస్కోపీతో నిలిచిన పిత్తరసాన్ని దించాలి. ఆపరేషన్ ఆ తర్వాతే.

పెద్దమ్మది ఈ చివరి రకం. నా మాటే నెగ్గి ఉంటే ఆమె ప్రాణానికే ముప్పొచ్చేది. నాళంలో రాయి తీసి, జ్వరం తగ్గాక కీహోల్‌లో పిత్తాశయం తీశారు. ఇప్పుడు కులాసాగా ఉంది.

కళ్లు పచ్చబడి వణుకు వస్తే పసరు కోసం ఆగకండి. పక్కవాళ్లకు చేసిందే మనకూ చేయాలని పట్టుబట్టకండి. మనకేది సరిపోతుందో, ఎందుకో డాక్టర్ని అడగండి.